సముద్రం ఎదురు ఫ్లాట్‌లో గ్రిల్స్, ఏసీ స్టాండు, బాల్కనీ తుప్పు: ముందు ఏది చేయించాలి?

సాగర్‌నగర్ పెన్షనర్
అందరికీ నమస్కారం. విశాఖ సాగర్‌నగర్‌లో మూడో అంతస్తు ఫ్లాట్, బాల్కనీ సముద్రం వైపే. ఉండేది మేమిద్దరమే, ఇద్దరం అరవై దాటినవాళ్ళం. కిటికీ గ్రిల్స్‌కి పోయిన ఏడాది రెడ్ ఆక్సైడ్, పైన ఎనామిల్ రెండు కోట్లు వేయించాం. ఈ వానలకే బుడగలొచ్చి చిలుం కారుతోంది. ఏసీ బయటి యూనిట్ స్టాండు పొరలు పొరలుగా రాలుతోంది. బాల్కనీ పైకప్పు అడుగున ఒక పెచ్చు ఊడి లోపలి చువ్వ కనిపిస్తోంది. పెన్షన్ మీద అన్నీ ఒకేసారి చేయించలేం. దేనితో మొదలుపెట్టాలి? గ్రిల్స్ పీకేసి స్టీలువి పెట్టించమంటున్నారు, లాభమేనా?

ఫ్యాబ్రికేషన్ షెడ్డు
రంగుది తప్పు కాదండీ, రంగు కింద మిగిలిపోయిన ఉప్పుది. ఎమరీతో గీకినంత మాత్రాన ఉప్పు పోదు. అది తేమను పీల్చుకుని పొరను లోపలినుంచి లేపుతుంది, బుడగలు అందుకే.

ముందు మంచినీళ్ళతో గ్రిల్స్ బాగా కడిగి ఆరనివ్వండి. తర్వాత ఐరన్ బ్రష్, 80 నంబరు ఎమరీ, ఆపైన 120. లేచిన పాత రంగంతా పోవాలి, వెల్డింగ్ మూలల్లో మరీ జాగ్రత్త, తుప్పు మొదలయ్యేది అక్కడే. మళ్ళీ కడిగి, పూర్తిగా ఆరాక థిన్నర్ గుడ్డతో తుడిచి అదే రోజు ప్రైమర్ వేయించాలి. రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి మళ్ళీ చిలుం పడుతుంది.

ప్రైమర్ రెడ్ ఆక్సైడ్ వద్దు, రెండు డబ్బాలు కలిపే ఎపాక్సీ జింక్ ఫాస్ఫేట్ తీసుకోండి. లీటరుకు సుమారు 8 నుంచి 10 చదరపు మీటర్లు వస్తుంది. కలిపింది కొన్ని గంటల్లోనే గట్టిపడుతుంది కాబట్టి ఆ పూటకు సరిపడా మాత్రమే కలపమనండి, పెయింటర్లు మొత్తం కలిపేసి చివర్లో థిన్నర్ పోసి సాగదీస్తారు. ఎపాక్సీ ఎండకు సుద్దలా పొడి రాలుతుంది, అందుకని పైకోటు పీయూ (పాలీయురెథేన్ రంగు) వేయించాలి. మన దగ్గర డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనుకూలం. పొద్దున మంచు ఆరాక మొదలుపెట్టి, మధ్యాహ్నం సముద్రపు గాలి జోరందుకునేలోపు ముగించాలి.

స్టీలు సంగతి: షాపుల్లో చవగ్గా ఇచ్చేది ఎక్కువగా 202 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు. సముద్రం ఎదురుగా అది గోధుమరంగు మచ్చలు పడిపోతుంది, 304 కూడా మచ్చలు పడుతుంది. నిలిచేది 316, అందులో మాలిబ్డినం అనే లోహం ఉంటుంది. అయస్కాంతం పెట్టి చూపిస్తే నమ్మకండి, 202 కీ 304 కీ రెండింటికీ అది అంటుకోదు. గ్రేడు బిల్లు మీద రాయించుకోండి. ఉన్న గ్రిల్స్ ఊచలు సన్నబడకపోతే మార్చాల్సిన పనే లేదు.

ఏసీ మెకానిక్
స్టాండు విషయం ఆలస్యం చేయకండి. పొరలు రాలుతోందంటే ఇనుము మందం తగ్గుతోందని అర్థం. కింద మనుషులు నడిచే చోటయితే యూనిట్ దించేదాకా అటు ఎవరినీ వెళ్ళనివ్వకండి. కొత్తది హాట్ డిప్ గాల్వనైజ్డ్ (కరిగిన జింకులో ముంచి తీసిన) స్టాండు అడగండి, బోల్టులు, యాంకర్లు కూడా అదే రకం లేదా స్టెయిన్‌లెస్. స్టాండు మంచిదైనా మామూలు బోల్టు వేస్తే తలకాయ తెగిపోతుంది. వీలుంటే యూనిట్‌ను సముద్రం వైపు కాకుండా పక్కగోడకు మార్చండి, పైపు కాస్త పొడవైనా ఫర్వాలేదు.

నెలకోసారి మెయిన్ స్విచ్ ఆపి, మామూలు పైపు ధారతో ఫిన్స్ (యూనిట్ మీది పల్చని రేకులు) కడగండి, ప్రెషర్ వాషర్ వద్దు, ఫిన్స్ వంగిపోతాయి. పైన కప్పు లాంటిది కట్టి గాలి ఆపకండి.

సివిల్ సైటు ఇంజినీరు
మాస్టారూ, అసలు మొదటిది బాల్కనీ. సుత్తితో మెల్లగా తట్టుతూ పోండి (మీరు కాదు, మేస్త్రీతో!). డొల్ల శబ్దం వచ్చిన చోటల్లా పెచ్చు వదులైనట్టే. చాలామంది దాని మీద సిమెంటు పూసేస్తారు, లోపల తుప్పు ఉబ్బుతూ ఏడాదిలో మళ్ళీ తోసేస్తుంది.

వదులుది మొత్తం కొట్టి, చువ్వ చుట్టూ, వెనక కూడా 15–20 మిల్లీమీటర్లు ఖాళీ చేయాలి. కొట్టేముందు కింద పోట్లు (ఆసరా కర్రలు) పెట్టించండి. చువ్వను మెరిసేదాకా రుద్ది జింక్ ప్రైమర్, ఆపైన బాండింగ్ కోటు (కొత్త పూత పాతదానికి అంటుకునేందుకు), అది తడిగా ఉండగానే పాలిమర్ మోర్టార్ (పాలిమర్ కలిపిన సిమెంటు మిశ్రమం). మామూలు ఇసుక సిమెంటు వద్దు. చువ్వ నాలుగో వంతు కంటే ఎక్కువ అరిగి ఉంటే మేస్త్రీ పని కాదు, స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవండి.

ఇంకోటి. మీది గోడలోంచి ముందుకు వచ్చిన బాల్కనీ అయితే బరువు మోసే చువ్వలు స్లాబు పైభాగంలో ఉంటాయి. అందుకని పై ఇంటివాళ్ళ నేల, గోడకు ఆనుకున్న చోట బీట ఉందేమో చూడండి. అడుగున ఊడిన పెచ్చు కంటే అది ప్రమాదం.

సాగర్‌నగర్ పెన్షనర్
చాలా థాంక్సండీ. కడగడానికి మా బోరు నీళ్ళు పనికొస్తాయా? కాస్త ఉప్పగా ఉంటాయి.

ఏసీ మెకానిక్
ఉప్పగా ఉంటే వద్దు సార్, కడిగి మళ్ళీ ఉప్పు పూసినట్టే. జీవీఎంసీ (నగరపాలక సంస్థ) కుళాయి నీళ్ళు రెండు బకెట్లు పట్టుకుంటే ఒక యూనిట్‌కి సరిపోతాయి. గ్రిల్స్‌కీ అవే వాడండి.