మిద్దెతోట గ్రూప్‌లో విషయం తెలిసినవాళ్లు నోరు విప్పడం లేదు, ఏం చేయాలి?

నమస్తే అండీ. హైదరాబాద్‌లో ఉప్పల్, నాగోల్, కాప్రా వైపు మిద్దెతోటలు పెంచేవాళ్ల కోసం వాట్సాప్ గ్రూప్ ఒకటి నడుపుతున్నాను. మొదలై 14 నెలలు, సభ్యులు 412 మంది. మాట్లాడేది మాత్రం ఆరేడుగురే. రోజుకు 60 మెసేజ్‌లు వస్తే నలభై దాకా శుభోదయాలు, ఫార్వర్డ్‌లే.

జూన్‌లో 'అడ్మిన్లు మాత్రమే' సెట్టింగ్ పెట్టి చూశాను. ఫార్వర్డ్‌లతో పాటు ప్రశ్నలూ ఆగిపోయాయి, 9 రోజులకు తీసేశాను. నియమాలు పిన్ చేశాను. పిన్ 30 రోజులకు మించి ఉండదు, ఉన్నన్నాళ్లూ చదివిందెవరు లెండి. కబుర్లకు వేరే గ్రూప్ తెరిస్తే 23 మంది చేరారు, ఇప్పుడు శుభోదయాలు రెండు చోట్లా వస్తున్నాయి!

అసలు బాధ వేరే. మొన్న ఆదివారం పొద్దున ఒకావిడ మందారానికి పిండినల్లి పురుగు పట్టిందని ఫొటో పెట్టారు. పది నిమిషాల్లో అది శుభాకాంక్షల కింద పడిపోయింది. సాయంత్రం దాకా చూసి నేనే చెప్పాను: లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి ఆకుల అడుగున కూడా కొట్టమని. ఈ సంగతి తెలిసినవాళ్లు గ్రూప్‌లో బోలెడుమంది. నాకు విడిగా ఫోన్ చేసి మరీ చెబుతారు, అక్కడ మాత్రం రాయరు.

ఇలాంటి గ్రూప్ నడిపినవాళ్లు చెప్పండి: తెలిసీ మౌనంగా ఉండేవాళ్లు అందరి ముందూ జవాబు రాసేలా మీరేం చేశారు?