నాయనకి ఆల్డాక్టోన్ రాశారు, టెంకాయ నీళ్లు ఇవ్వొచ్చా?

కోవూరు అమ్మాయి:
మా నాయనకి 66. గుండె పంపింగ్ 30 శాతమే ఉందని నెల్లూరులో డాక్టరు గారు ఒంట్లో నీరు తీసే లాసిక్స్ మాత్రకి, గుండెకీ బీపీకీ ఇచ్చే రామిప్రిల్‌కి తోడు ఆల్డాక్టోన్ 25 ఎంజీ రాశారు. పక్కింటి అత్తేమో "నీళ్ల మాత్రకి పొటాషియం పోతుంది, రోజూ టెంకాయ నీళ్లు తాగించండి" అంటోంది. మన ఎండలు తెలిసినవే కదా. బీపీ అని ఇంట్లో లో సోడియం ఉప్పు కూడా వాడుతున్నాం. వారానికి రక్తపరీక్ష చేయించమన్నారు. మనిషి బాగానే ఉన్నాడు, అవసరమా?

కావలి మందుల షాపాయన:
అమ్మా, ముందు ఆ ఉప్పు ప్యాకెట్ వెనక చదవండి. సోడియం తగ్గించి పొటాషియం క్లోరైడ్ కలిపి ఉంటారు. అత్త మాట లాసిక్స్ ఒక్కటే వాడేవాళ్లకైతే కొంత నిజం. ఆల్డాక్టోన్ ఆల్డోస్టిరాన్ హార్మోన్‌ని అడ్డుకుంటుంది. ఉప్పు, నీరు పోతాయి, పొటాషియం మాత్రం ఒంట్లోనే ఉండిపోతుంది. రామిప్రిల్ కూడా పెంచేదే. దానిమీద ఈ ఉప్పు, రోజూ బోండాలూనా!

రక్తంలో పొటాషియం 5 లోపు ఉండాలి. 6 దాటితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది, అప్పటిదాకా మనిషికి ఏమీ తెలియకపోవచ్చు. పరీక్ష అందుకే. మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ కూడా సొంతంగా వేయకండి. చీటీలో ఆల్డాక్టోన్ కనిపిస్తే ఆ నొప్పి మాత్ర నేనివ్వను. తిట్టుకుంటూ పక్క షాపుకి పోతారు, పోనీండి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే వెంటనే డాక్టరుకి ఫోన్ చేయండి.

అలాగని భయపడి మాత్ర ఆపొద్దు. 1999లో వచ్చిన రేల్స్ అధ్యయనంలో, గుండె బాగా బలహీనపడినవాళ్లలో ఈ మందు వల్ల మరణాలు 30 శాతం తగ్గాయి.

ఒంగోలు నుంచి:
మా మామకి లివర్ పాడై పొట్టలో నీరు చేరితే ఇదే మందు 100 ఎంజీతో మొదలుపెట్టారు. పొట్ట తగ్గింది గానీ రొమ్ములు ఉబ్బి నొప్పి పుట్టాయి. సిగ్గుపడి, ఇంట్లో కూడా భుజాన తువ్వాలు తీయకుండా తిరిగాడు. అత్త లాగేస్తే బయటపడింది. డాక్టరు అది ఈ మందుతో వచ్చేదేనని చెప్పి వేరేది రాశారు. మీ నాయన చెప్పకపోతే మీరే అడగండి.

కోవూరు అమ్మాయి:
ప్యాకెట్ మీద పొటాషియం క్లోరైడ్ అనే ఉంది, తీసేశాం. బోండాం మానమంటే నాయన అలిగాడు. మజ్జిగ ఇవ్వొచ్చా?

కావలి మందుల షాపాయన:
ఒక గ్లాసు పలచగా ఇవ్వండి, ఉప్పు వేయకుండా. రోజుకి ఇంత నీరేనని డాక్టరు చెప్పి ఉంటే మజ్జిగ కూడా ఆ లెక్కలోదే. బోండాం సంగతి రిపోర్టు చూశాక డాక్టరునే అడగండి. పొటాషియంతో పాటు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష కూడా చేయమని ల్యాబ్‌లో చెప్పండి.