హౌస్‌కీపింగ్ వాళ్లు సమ్మెలో ఉన్నారు, స్టాఫ్‌గా మేమేం చేయొచ్చు?

నైట్‌డ్యూటీ సిస్టర్:
గుంటూరులో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. కాంట్రాక్టరు కింద పనిచేసే మా హౌస్‌కీపింగ్ వాళ్లు నాలుగు రోజులుగా గేటు బయట టెంటు వేసుకుని కూర్చున్నారు. చేతికొచ్చేది 11 వేలు, అదీ ఏ పదిహేనో తారీఖుకో. నెలనెలా ఈఎస్‌ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) కటింగ్ ఉంది, కార్డు మాత్రం సగం మందికి లేదు. మొన్న మా వార్డు అక్కకి చెత్త కవరు ఎత్తుతుంటే వాడేసిన సూది గుచ్చుకుంది, గ్లౌజు బొటనవేలి దగ్గర ఎప్పుడో చిరిగిపోయి ఉంది. టెస్టులకి డబ్బులు మేమే తలా కొంచెం వేసుకున్నాం. ఇప్పుడు వాళ్ల పని కూడా మమ్మల్నే చేయమంటున్నారు. వాళ్ల వైపు నిలబడాలని ఉంది, ఉద్యోగం పోతుందేమోనని టెన్షన్‌గానూ ఉంది.

మంగళగిరి తమ్ముడు:
మా అమ్మ మున్సిపాలిటీలో స్వీపరు అక్కా. 2023 డిసెంబర్ 26న ఏపీ అంతటా సమ్మె మొదలైతే రెండు వారాలు దాటాక గానీ 21 వేలు జీతంగా ఇస్తామని ప్రభుత్వం దిగిరాలేదు. అన్నాళ్లూ అమ్మకి ధైర్యం ఏంటంటే, తను ఊడ్చే వీధిలో ఒకావిడ రోజూ మజ్జిగ బిందె తెచ్చి టెంటులో పెట్టేది. మీరూ డ్యూటీ దిగాక యూనిఫాం తోనే వెళ్లి ఓ పది నిమిషాలు కూర్చోండి.

రోగి బంధువు:
వాళ్ల బాధ నిజమే, కానీ బాత్రూములు కంపు కొడుతుంటే ఆపరేషన్ అయినవాళ్ల గతేంటి?

లేబర్ లెక్కలు:
ఆ ప్రశ్న మేనేజ్‌మెంట్‌ని అడగండి సార్, టెంటులో ఉన్నవాళ్లని కాదు. సిస్టర్, 21 వేల లోపు జీతగాళ్లకి ఈఎస్‌ఐలో కార్మికుడి వాటా 0.75 శాతం, యాజమాన్యానిది 3.25. కాంట్రాక్టరు కట్టకపోతే మొదట కట్టాల్సింది ఆసుపత్రే, తర్వాత అతని దగ్గర రాబట్టుకోవాలి, చట్టంలోనే ఉంది. కాబట్టి "కాంట్రాక్టరుని అడగండి" అంటే ఊరుకోవద్దు. పే స్లిప్పులు ఫోటోలు తీయించి ఈఎస్‌ఐ ఆఫీసులో రాతపూర్వకంగా ఇప్పించండి. సూది గుచ్చుకోవడం డ్యూటీలో జరిగిన గాయం, అది రికార్డులో ఉందా?

నైట్‌డ్యూటీ సిస్టర్:
లేదండీ, రాయించలేదు, ఆ హడావిడిలో ఎవరికీ తట్టలేదు. రేపు పొద్దున షిఫ్ట్ మారేటప్పుడు ఇన్‌ఛార్జితో తారీఖు, టైము వేసి రిజిస్టర్‌లో రాయిస్తాను. మేనేజ్‌మెంట్‌కి లెటర్ కూడా రాశాం, ఈ రాత్రికి 14 సంతకాలు అయ్యాయి. ఐసీయూ వాళ్లవి ఇంకా రావాలి.