వడ్లు అవే, లెక్కలు మాత్రం మూడు: సీ ప్రోగ్రామింగ్ మొదటి సెమిస్టర్ సందేహం

ఎడమకాల్వ
అందరికీ నమస్తే. నేను నల్లగొండ ఎంజీ యూనివర్సిటీ కింద డిగ్రీ ఫస్టియర్, ఎంపీసీఎస్ (మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్ సైన్స్). పదో తరగతి దాక తెలుగు మీడియం. ఇంట్ల కంప్యూటర్ లేదు. కాలేజీ ల్యాబ్‌ల వారానికి రెండు గంటలు దొరుకుతది, మిగతాదంత ఫోన్లనే. సీ మొదలుపెట్టి మూడు వారాలైంది. బుక్కుల ఉన్న ప్రోగ్రాములు ఎక్కిస్తే వస్తున్నయ్ గని నాకేం అర్థమైందో నాకే తెలుస్తలేదు. అందుకే సొంతంగ ఒకటి రాద్దామని మా నాన్న 2024 వానాకాలం అమ్మిన వడ్ల లెక్క తీసుకున్న. 87 బస్తాలు, బస్తాకు 40 కిలోలు, ఏ గ్రేడు మద్దతు ధర క్వింటాలుకు 2320 రూపాయలు.

బస్తాలను 40తో గుణించి కిలోలు, దాన్ని 100తో భాగించి క్వింటాళ్లు, దాన్ని 2320తో గుణించి పైసలు. అన్నీ ఇంట్ (పూర్ణాంకాల టైపు) అనే పెట్టిన. కాయితం మీద చేస్తే 80,736 వచ్చింది. ఫోన్ యాప్‌ల 78,880. ల్యాబ్‌ల నీలం తెర టర్బో సీల అయితే 13,344! ఎర్రర్ ఒక్కటి కూడ సూపిస్తలేదు. ప్రోగ్రాం ఒక్కటే, మూడు జవాబులెట్ల? నాకు ఈ సబ్జెక్టు రాదేమో అనిపిస్తుంది. దోస్త్‌లు బీకాంకు మారిపో అంటున్నరు.

నీలితెర విరోధి
2024 వడ్లకు 1987 నాటి టర్బో సీ. ఇంకేం చెప్పాలె. తమ్మీ, సీ వదిలేసి పైథాన్ నేర్చుకో. రెండు లైన్లల్ల అయిపోతది, 80,736 అనే వస్తది.

సుద్దముక్క
తమ్ముడూ, నల్లగొండలో చాలా ఏళ్లు ఇదే పేపరు చెప్పాను, అందుకని కొంచెం పొడుగ్గా రాస్తున్నాను. ముందు ఒక మాట: నువ్వు కాయితం మీద లెక్క చేసుకొని వచ్చావు చూడు, అది సెమిస్టర్ అయిపోయేదాకా చాలామంది చెయ్యరు. తెరమీద ఏది పడితే అదే జవాబని రికార్డులో రాసి సంతకం పెట్టించుకుంటారు. బీకాం ఆలోచన పక్కన పెట్టు.

మొదట ఫోన్‌ది. 78,880ని 80,736లోంచి తీసెయ్యి, 1,856 వస్తుంది. దాన్ని 2320తో భాగించు, 0.8 క్వింటాలు. అంటే సరిగ్గా 80 కిలోలు పోయాయి. ఎక్కడ? 3480ని 100తో భాగిస్తే 34.8 రావాలి. కానీ సీలో ఇంట్‌ని ఇంట్‌తో భాగిస్తే ఇంటే వస్తుంది, చుక్క తర్వాతది పారేస్తుంది. దగ్గరి అంకెకు సవరించడం కూడా ఉండదు, ఊరికే కోసేస్తుంది. మిల్లులో తరుగు తీసినట్టు సీ కూడా తరుగు తీసింది, అంతే.

ఇప్పుడు ల్యాబ్‌ది. టర్బో సీ డాస్ (విండోస్‌కు ముందటి సిస్టం) కాలపు 16 బిట్ల కంపైలర్, అంటే మనం రాసిన సీని మిషన్ భాషలోకి మార్చే ప్రోగ్రాం. అందులో ఇంట్‌కు 16 బిట్లే, 32,767 దాటి పట్టదు. నీ ఫోన్ యాప్‌లో ఇంట్‌కు 32 బిట్లు, అక్కడ 214 కోట్ల పైదాకా పడుతుంది. 34ని 2320తో గుణిస్తే వచ్చే 78,880 ఆ చిన్న గిన్నెలో పట్టక పొంగిపోయింది. పాత బండి మీటరు 99,999 దాటితే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది కదా, ఇక్కడ ఆ చుట్టు 65,536. నువ్వే తీసి చూడు: 78,880లోంచి 65,536 పోతే ఎంత? కచ్చితంగా నీ 13,344. మిషన్ తిక్కగా ఏదో నంబరు ఇవ్వలేదు, తన లెక్క తాను వేసింది.

ఇది విద్యార్థుల పొరపాటని చిన్నబుచ్చుకోకు. 1996 జూన్ 4న ఐరోపా వాళ్ల ఏరియన్ 5 రాకెట్ ఎగిరిన నలభై సెకన్లలోపే పేలిపోయింది. పెద్ద సంఖ్యను 16 బిట్ల గిన్నెలో పొయ్యబోవడమే కారణం.

దిద్దుబాటు నేను చెప్పను. క్వింటాళ్లకు ఫ్లోట్ (చుక్క ఉన్న సంఖ్యల టైపు) కావాలని నీకు తట్టే ఉంటుంది. మార్చి చూసి చెప్పు.

జడ్చర్ల ఫస్టియర్
నాది పాలమూరు యూనివర్సిటీ. మాకు ఇన్‌స్టిట్యూట్‌ల పైథాన్ చెప్తున్నరు. విరోధి అన్న రెండు లైన్లు అన్నడు కదా, నేను ఇదే లెక్క ఇప్పుడే చేసిన. బస్తాలు ఎన్ని అని అడిగించి 87 కొట్టి 40తో గుణిస్తే 878787 అనుకుంట తెరంత నిండింది. పైథాన్ల కూడ మస్తు తరుగు ఉన్నది అన్నా 😄

నీలితెర విరోధి
అది ఇన్‌పుట్‌ను ఇంట్‌గ మార్చనందుకు చెల్లే. కీబోర్డు నుంచి వచ్చేది పైథాన్‌కు అక్షరాల లెక్క. 87 అనే మాటను 40 సార్లు పక్కపక్కన పేర్చింది, 80 అంకెలు. సరే, రెండు లైన్లు కాదు, మూడు.

ఎడమకాల్వ
సార్, క్వింటాళ్లు ఫ్లోట్ చేసిన. ఫోన్ల మళ్ల 78,880 అనే వస్తుంది. ల్యాబ్ గురువారం దాక లేదు.

పాలమూరు అక్క
సార్ కావాలనే ఆ గుంతలో పడనిచ్చారు 🙂 నాది వనపర్తి, హైదరాబాద్‌లో టెస్టింగ్ చేస్తా. మేం కొత్తగా చేరిన వాళ్లకు ఇచ్చే మొదటి ప్రశ్న దాదాపు ఇదే.

తమ్ముడూ, సమానం గుర్తుకు కుడి పక్క పని ముందు అయిపోతది. అక్కడున్నవి రెండూ ఇంట్‌లే, 3480, 100. భాగారం అయింది, 34 వచ్చింది, 80 కిలోలు అక్కడికే పోయినయ్. ఆ తర్వాత 34ను ఫ్లోట్ డబ్బాలో పెడితే 34.0 అయితది గానీ పోయినవి తిరిగి రావు. చిల్లు సంచిలోంచి వడ్లు కారిపోయినంక ఇంకో మంచి సంచిలో పోసినట్టు. 100 బదులు 100.0 అని రాయి, ఒక్క చుక్క, ఒక్క సున్నా. పైసలకు కూడా ఫ్లోట్ పెట్టు, జవాబు తెరమీద చూపించే ప్రింట్‌ఎఫ్‌లో శాతం గుర్తు పక్కన డి బదులు ఎఫ్ పెట్టుడు మర్చిపోకు. మర్చిపోతే వచ్చే చెత్త నంబరు చూసి మళ్లీ బీకాం అంటవ్.

ఇంకో దారి కూడా ఉంది, నాకైతే అదే ఇష్టం: ముందు గుణించి చివర భాగించు. 3480 ఇంటు 2320 అంటే 80,73,600. దాన్ని 100తో భాగిస్తే 80,736, చుక్కలతో పనే లేదు. పైసల లెక్కలు వీలైనంత వరకు పూర్ణాంకాల్లో ఉంచుడే మంచిది, ఎందుకంటే 34.8 లాంటివి కంప్యూటర్ లోపల కచ్చితంగా పట్టవు, ఒక వెంట్రుక వాసి అటో ఇటో ఉంటాయి. కానీ ల్యాబ్‌లో ఇట్ల చేయాలంటే 80 లక్షలు దాటే ఆ గుణకారం పట్టాలి, కిలోలకు, పైసలకు ఇంట్ సరిపోదు. ఏం పెట్టాలో బుక్కులో డేటా టైపుల పట్టిక చూడు.

సుద్దముక్క
అక్క సరిగ్గా చెప్పింది. ఒక్కటి కలుపుతా. ప్రతి ప్రోగ్రాంకు నోట్‌బుక్కులో గడులు గియ్యి: పైన వేరియబుల్ పేర్లు, కింద లైన్ లైన్‌కు వాటి విలువ. బస్తాలు 87, కిలోలు 3480, క్వింటాళ్లు 34. ఆ మూడో గడిలో పెన్ను ఆగిపోయేది, తప్పు నీకే దొరికేది. ఇప్పుడు నాలుగు లైన్లు కాబట్టి అనవసరం అనిపిస్తుంది. లూపులు వచ్చాక ఇదే దిక్కు, పాయింటర్ల దగ్గరైతే చెప్పనే అక్కర్లేదు. ఇంట్లో కంప్యూటర్ లేదని దిగులు పడ్డావు కదా, ఈ పనికి కరెంటు కూడా అక్కర్లేదు.

సీయా పైథానా అన్న పంచాయితీ నీ పరీక్ష అయ్యాక. పేపరు సీలో ఉంది, సీ చదువు. విరోధి మాటలో ఒకటి మాత్రం నిజం, టర్బో పాతది: దానికి అలవాటైన కోనియో (తెర, కీబోర్డు పనుల హెడర్ ఫైలు), క్లియర్ స్క్రీన్, గెట్‌సీహెచ్ ఫోన్లో పని చెయ్యవు. అవి సీలో భాగం కావు, ఆ కంపైలర్ సొంత సరుకు. ఫోన్లో రాసేటప్పుడు అవి తీసేసి, మెయిన్ ముందు వాయిడ్ బదులు ఇంట్ పెట్టి రాయి, రెండు చోట్లా నడుస్తుంది.

జడ్చర్ల ఫస్టియర్
సార్, ఇంగ్లీష్ పాఠాలు ఫాస్ట్‌గ ఉంటున్నయ్. తెలుగుల ఏమన్న ఉన్నయా?

పాలమూరు అక్క
ఐఐటీ బాంబే వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్‌లో సీ పాఠాలు తెలుగు ఆడియోతో ఉన్నయ్, చిన్న చిన్న ముక్కలు, ఉచితం. ఇంగ్లీష్ పర్వాలేదనుకున్నప్పుడు ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో ఖరగ్‌పూర్ ఐఐటీ తరఫున ప్రొఫెసర్ అనుపమ్ బసు చెప్పిన సీ కోర్సు చూడండి. నింపాదిగా చెప్తారు. వినుడు ఉచితమే, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు. కానీ ఒక వీడియో చూసినంక పది నిమిషాలు టైపు చెయ్యకపోతే అది సీరియల్ చూసినట్టే.

ఎడమకాల్వ
గురువారం ల్యాబ్ అయింది. కిలోలు, పైసలు రెండిటికీ లాంగ్ (ఇంట్ కన్నా పెద్ద పూర్ణాంకాల టైపు) పెట్టిన, ముందు గుణించి చివరకు 100తో భాగించిన, ప్రింట్‌ల ఎల్‌డీ పెట్టిన. నీలం తెర మీదనే 80,736 వచ్చింది! అక్కకు, సార్‌కు థాంక్స్. నోట్‌బుక్కుల గడులు గూడ గీసిన.

ఇంటికొచ్చి నాన్నకు సూపిస్తే లోపలికి పోయి రసీదు తెచ్చిండు. దాంట్ల 79,344 ఉన్నది. ఏ టైపు పెట్టినా ఈ లెక్క రాలే.

సుద్దముక్క
తేడా 1,392. అంటే 60 కిలోలు. అది నిజం తరుగే. దానికి ఇంకో వేరియబుల్ పెట్టు.