అప్‌డేట్: ఆమ్‌స్టర్‌డామ్ 9 గంటల లేఓవర్, బయటికి వెళ్లొచ్చాం

అమ్మతో అమెరికా వెళ్తూ స్కిపోల్‌లో (ఆమ్‌స్టర్‌డామ్ ఎయిర్‌పోర్ట్) 9 గంటలు ఆగాలి, బయటికి వెళ్లాలా వద్దా అని అడిగాను కదా, వెళ్లొచ్చామండీ, ధైర్యం చెప్పిన అందరికీ చాలా థ్యాంక్స్. ఇద్దరికీ షెంజెన్ వీసా (నెదర్లాండ్స్‌తో పాటు చాలా యూరప్ దేశాలకి పనికొచ్చేది) ఉంది కాబట్టి కుదిరింది, ఒక్క అమెరికా వీసాతో బయటికి పంపరు, అది గుర్తుపెట్టుకోండి.

హ్యాండ్ లగేజ్ ఎయిర్‌పోర్ట్ లాకర్‌లో పెట్టేసి కిందే ఉన్న స్టేషన్‌లో ట్రైన్ ఎక్కితే పావుగంటలో సెంట్రల్ స్టేషన్. టికెట్ కొనక్కర్లేదు, బ్యాంక్ కార్డ్ ట్యాప్ చేస్తే చాలు, కానీ మనిషికో కార్డ్ ఉండాలి, దిగాక మళ్లీ ట్యాప్ చేయడం మర్చిపోవద్దు.

స్టేషన్ వెనక ఫెర్రీ ఫ్రీ! అమ్మకి అదే అన్నిటికన్నా నచ్చింది, సైకిళ్లతో ఎక్కేవాళ్లని చూస్తూ అటు వెళ్లి ఇటు వచ్చాం. తర్వాత ప్రిన్సెన్‌గ్రాక్ట్ కాలువ గట్టున మెల్లగా నడిచాం, ఆ పాత ఇళ్ల పైన కొక్కేలు ఎందుకని అమ్మ అడిగింది, మెట్లు మరీ ఇరుకు కాబట్టి సామాను తాడుతో కిటికీల్లోంచి లాగుతారట. ప్రసిద్ధ డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్‌ని 1669లో పాతిపెట్టిన వెస్టర్‌కెర్క్ చర్చి కూడా ఆ దారిలోనే. పక్కనే ఉన్న ఆన్ ఫ్రాంక్ ఇంటికి (నాజీలకి దొరక్కుండా దాక్కుని డైరీ రాసిన యూదు అమ్మాయి, ఇప్పుడు ఆ ఇల్లు మ్యూజియం) టికెట్లు ఆన్‌లైన్‌లోనే, ముందే బుక్ చేసుకోలేదు, అది మాత్రం బాధగా ఉంది.

వేడి స్ట్రూప్‌వాఫెల్ (మధ్యలో పాకం పెట్టిన పల్చటి వాఫెల్) చెరొకటి తినేసి ఫ్లైట్‌కి మూడు గంటల ముందే వెనక్కి వచ్చేశాం, మళ్లీ సెక్యూరిటీ, పాస్‌పోర్ట్ చెక్ ఉంటాయి కదా.