కీమో నడుస్తుండగా వ్యాయామమా, విశ్రాంతా? నాన్నగారి మెట్ల మొక్కు సంగతి

మిట్టూరు వాసి:
నాన్నకు 61 ఏళ్లు. పెద్దపేగు క్యాన్సర్, మూడో దశ. తిరుపతిలో ఆపరేషన్ అయింది, ఇప్పుడు కీమో నడుస్తోంది. ఆరు నెలల్లో 64 కిలోల మనిషి 58కి వచ్చారు. ఉంగరం జారిపోతోందని దారం చుట్టుకున్నారు. ఇంత నీరసంలోనూ అలిపిరి నుంచి మెట్లెక్కి కొండకు వెళ్తానని మొక్కుకుని కూర్చున్నారు. మా మేనత్త ‘మంచం దిగనివ్వకండి, ఉన్న కాస్త సత్తువా పోతుంది’ అంటోంది. ఫిజియోథెరపీ డాక్టరేమో కాళ్లకూ చేతులకూ వ్యాయామం మొదలుపెట్టమన్నారు. ఎవరి మాట వినాలి?

పలమనేరు పంతులు:
మీ మేనత్త గారిదే నా మాట కూడా. మూడు ముద్దలు తినలేని మనిషికి ఉన్న శక్తి జబ్బుతో పోరాడటానికే చాలదు. అందులోంచి వ్యాయామానికి ఖర్చు పెట్టమనడం ఎక్కడి న్యాయం? వ్యాయామం మంచిదని చెప్పే అధ్యయనాల్లో చేరేవాళ్లు కూడా కాస్త ఓపికున్న రోగులే. మంచాన పడినవాళ్లు అక్కడికి రారు కదా!

కొర్లగుంట ఫిజియో:
పంతులు గారూ, ఓపికున్నవాళ్లే చేరతారన్న మాట నిజమే. అయితే మంచం కూడా ఊరికే ఉండదు. 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న 12 మంది వృద్ధులను 10 రోజులు మంచం మీదే ఉంచారు. ఒక్కొక్కరి కాళ్లలో సుమారు కిలో కండ తగ్గింది. జబ్బు లేనివాళ్లకే అలా అయితే, జబ్బు వల్ల ఒంట్లో పుట్టే వాపు రసాయనాలతో కండ కరుగుతున్న మనిషి సంగతి చెప్పాలా? అందుకే అమెరికా క్లినికల్ ఆంకాలజీ సంఘం 2022 మార్గదర్శకాల్లో, జబ్బు నయం చేయడానికి ఇస్తున్న చికిత్స సాగుతుండగానే నడకలాంటివీ కండబలం పెంచేవీ రెండూ చేయించాలని చెప్పింది.

పెద్దపేగు క్యాన్సర్ మీదే 2025లో ఛాలెంజ్ అనే పెద్ద పరీక్ష ఫలితాలు వచ్చాయి. 889 మంది. మూడేళ్లపాటు పర్యవేక్షణలో వ్యాయామం చేసినవాళ్లలో ఎనిమిదేళ్లకు బతికున్నవారు 90.3 శాతం, సలహా పుస్తకాలు మాత్రమే అందుకున్నవాళ్లలో 83.2 శాతం. కాకపోతే అందులో వ్యాయామం మొదలైంది కీమో పూర్తయ్యాకే. దాన్ని చూపించి కీమో మధ్యలో మనిషిని పరుగెత్తించమని ఎవరైనా అంటే నమ్మకండి.

తిరుచానూరు కోడలు:
ఈ అంకెలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మా అత్తగారికి క్లోమం క్యాన్సర్. బలవంతంగా నడిపించాం, గంటకోసారి ఏదో ఒకటి పెట్టాం. అయినా కణతలు లోతుకు పోయాయి, భుజాల ఎముకలు తేలాయి. చూడవచ్చిన ప్రతి చుట్టమూ ‘నువ్వు కదలవు కాబట్టే ఇలా అయ్యావు’ అని ఆమె ముఖం మీదే అన్నారు. కండ పోవడం రోగి బద్ధకం వల్లనా? మీ వ్యాయామం ఆ జబ్బును ఆపుతుందా?

కొర్లగుంట ఫిజియో:
ఆపదమ్మా. ఆ మాట అన్న చుట్టాలను నేనూ సమర్థించను. ఇలా జబ్బు వల్లే కండ కరిగిపోవడాన్ని కాకెక్సియా అంటారు, అది తిండి తక్కువై చిక్కిపోవడం కాదు. కేవలం ఆహారంతో పూర్తిగా వెనక్కు తేలేనిది అని 2011లో అంతర్జాతీయ నిపుణులు ఇచ్చిన నిర్వచనంలోనే ఉంది. ఆరు నెలల్లో బరువు 5 శాతానికి మించి తగ్గితే అనుమానించాలి. మిట్టూరు వారి నాన్నగారు ఆ గీత దాటేశారు, కాబట్టి బరువు సంగతి డాక్టరుతో ఇప్పుడే మాట్లాడాలి. ఊపిరితిత్తులు, క్లోమం క్యాన్సర్ రోగులకు మెనాక్ అనే పరీక్షలో వ్యాయామం, పోషకాహారం, వాపు తగ్గించే ఐబుప్రొఫెన్ మందు కలిపి ఇచ్చి చూశారు. బరువు నిలబడింది గానీ కండలో తేడా కనిపించలేదు. మీ అత్తగారి విషయంలో జబ్బు గెలిచింది, ఆమె ఓడలేదు. చివరి దశలో ఉన్నవాళ్లను వ్యాయామం పేరుతో వేధించడం తప్పు. కానీ ఈ నాన్నగారిది నయం చేయాలని సాగుతున్న చికిత్స. రెండింటికీ ఒకే సలహా చెప్పకూడదు.

పుంగనూరు రైతు:
తిండి మాట ఎవరూ ఎత్తరేం? సంగటి, ఉలవచారు పెట్టండి, బలం అదే వస్తుంది.

కొర్లగుంట ఫిజియో:
అన్నా, చారు మనం తాగి ఉడికిన ఉలవలు ఎద్దులకు పెడితే మాంసకృత్తులు ఎద్దుకే చేరతాయి! ఆ ఉలవలనే గుగ్గిళ్లుగా ఈయనకు పెట్టాలి. పొట్ట ఆపరేషన్ అయిన మనిషి కాబట్టి డాక్టరును అడిగి, కొంచెం కొంచెంగా. రోజుకు కిలో బరువుకు 1 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు అందాలంటారు. అంటే 58 కిలోల మనిషికి 58 నుంచి 87 గ్రాములు. గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే. సంగటి ఒక్కదానితో ఆ లెక్క తేలదు.

మిట్టూరు వాసి:
మరి మెట్ల సంగతి? అలిపిరి కాకుంటే శ్రీవారి మెట్టు వైపు నుంచైనా వెళ్తానంటున్నారు. అక్కడ మెట్లు తక్కువట.

కొర్లగుంట ఫిజియో:
అలిపిరి దారిలో 3,550, అటువైపు 2,388. తక్కువే గానీ ఇప్పుడు రెండూ వద్దు. పొట్ట కోత పూర్తిగా గట్టిపడకుండా ఒత్తిడి పెడితే హెర్నియా రావచ్చు. తెల్లకణాలు తగ్గిన రోజుల్లో ఆ జనంలో తిరగడం ప్రమాదం. అన్నిటికన్నా నాకు భయం పాదాల గురించి. ఈ దశ పెద్దపేగు క్యాన్సర్‌కు తరచు ఇచ్చే ఆక్సాలిప్లాటిన్ మందు వల్ల అరికాళ్లు తిమ్మిరెక్కి స్పర్శ తగ్గుతుంది. చెప్పుల్లేకుండా ఎండకు కాలిన రాతి మీద నడిస్తే కాలినా, కోసుకున్నా ఆయనకు తెలియదు. దిగేటప్పుడు అడుగు తప్పినా అంతే.

ప్రస్తుతానికి చేతులున్న గట్టి కుర్చీని గోడకు ఆనించి వేయండి. చేతుల సాయం లేకుండా ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో చూడండి. అదే ఆయన కండబలానికి కొలత, అదే వ్యాయామం కూడా. ఊపిరి బిగబట్టకూడదు. పక్కన ఒకరు ఉండాలి. జ్వరం, తల తిరగడం, గుండె దడ ఉంటే ఆ రోజు మానేయాలి. ప్లేట్‌లెట్లు, హిమోగ్లోబిన్ బాగా పడిపోయాయా, జబ్బు ఎముకలకు పాకిందా అని ముందే అడిగి తెలుసుకోండి.

తిరుచానూరు కోడలు:
ఆయన ‘ఈ రోజు వద్దు’ అంటే?

కొర్లగుంట ఫిజియో:
కారణం అడగండి. నొప్పా, వాంతా, భయమా? దానికి మందో ధైర్యమో ఇవ్వాలి. ఏ కారణమూ లేదు, అలసిపోయానంటే ఆ రోజుకు వదిలేయండి.

పలమనేరు పంతులు:
కుర్చీ వరకు నాకు అభ్యంతరం లేదు. మొక్కును స్వామి వాయిదా వేసుకోగలడు. కానీ కోత మానకుండా బరువులు ఎత్తించడం మాత్రం ఒప్పుకోను.

కొర్లగుంట ఫిజియో:
సర్జన్ సరేననేంత వరకు నేనూ ఒప్పుకోను. అన్నాక కూడా అర లీటరు నీళ్ల సీసాతోనే మొదలుపెడతాం.