కరెంటు పోగానే రౌటర్ రీస్టార్ట్: లోపం మినీ యూపీఎస్‌దా, వై కేబుల్‌దా?

ఫైబర్ మోడెమ్ అడాప్టర్ 12 వోల్టులు 1 ఆంప్, వైఫై రౌటర్‌ది 12 వోల్టులు 1.5 ఆంప్. రెండింటినీ వై కేబుల్‌తో (ఒక అవుట్‌పుట్‌ను రెండు పిన్‌లుగా చీల్చే తీగ) ఒకే మినీ యూపీఎస్‌కు (కరెంటు పోతే వీటిని నడిపే చిన్న బ్యాటరీ పెట్టె) కలిపాను. దాని అవుట్‌పుట్ 12 వోల్టులు 2 ఆంప్. అడాప్టర్ మీద రాసేది గరిష్ఠం, మామూలుగా అంత లాగవు కాబట్టి సరిపోవాలి.

కానీ కరెంటు పోగానే మోడెమ్ నిలబడుతోంది, రౌటర్ ఆరిపోయి మళ్లీ వెలుగుతోంది. రౌటర్ ఒక్కటే పెడితే ఏ ఇబ్బందీ లేదు. యూపీఎస్ బ్యాటరీ మీద నడుస్తుండగా అవుట్‌పుట్‌కు మల్టీమీటర్ పెడితే, ఏదీ కలపకుండా 12.1, రెండూ కలిపాక రౌటర్ పిన్ దగ్గర 11.2 వోల్టులు.

పిన్ సైజు చూశాను. 2.5 మి.మీ. పిన్ 2.1 సాకెట్‌లో దూరినా లూజుగా ఉంటుంది, అలాంటిది కాదు.

నా అనుమానం రెండింటి మీద: సన్న తీగల వై కేబుల్, లేదా కరెంటు నుంచి బ్యాటరీకి మారే క్షణంలో పడే వోల్టేజ్. ఆ క్షణాన్ని మామూలు మల్టీమీటర్ పట్టుకోలేదు. రౌటర్ వైపు 16 వోల్టుల 2200 మైక్రోఫారడ్ కెపాసిటర్ (క్షణకాలానికి కరెంటు నిల్వ ఉంచే భాగం) పెడితే ఆగుతుందా? లేక 3 ఆంప్‌ల యూపీఎసే కొనాలా? ఇన్వర్టర్ సలహా వద్దు, అద్దె ఇల్లు.